అండమాన్‌లో వండుకోవాలా, బయట తినాలా? దీవిని బట్టి, పూటని బట్టి

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి అండమాన్ వెళ్ళే కుటుంబాల్లో టికెట్లు అయిపోయాక మొదలయ్యే పెద్ద చర్చ తిండి గురించే. "వంటగది ఉన్న రూమ్ తీసుకుందాం, ఉప్పూ కారం మన చేతిలో ఉంటాయి, డబ్బులూ మిగుల్తాయి" అని ఒకరంటారు. "సముద్రం దాటి వెళ్ళి అక్కడ కూడా కుక్కర్ కూతలు లెక్కపెట్టుకోవాలా?" అని ఇంకొకరు. ఈ రెండో మాట అనేది దాదాపు ఎప్పుడూ ఇంట్లో వంట చేసే మనిషే.

నా సలహా ముందే చెప్పేస్తాను. ట్రిప్ మొత్తానికి ఒకే నిర్ణయం పెట్టుకోకండి. దీవి మారితే జవాబు మారుతుంది, పూట మారినా మారుతుంది. పొద్దున్న టిఫిన్ హోటల్ వాళ్ళదే తినండి. మధ్యాహ్నం భోజనం ఎక్కడున్నా బయటే. వండుకోవాలనుకుంటే రాత్రి పూట ఒక్కటే, అదీ నీల్ దీవిలో, లేదా పసిపిల్లలో పథ్యం ఉన్న పెద్దవాళ్ళో వెంట ఉంటే. మిగతా చోట్ల వంటగదికి పెట్టే డబ్బు చేపల మీద పెట్టడం మేలు.

మనవాళ్ళు సాధారణంగా ఉండేది మూడు చోట్ల. పోర్ట్ బ్లెయిర్, హేవలాక్, నీల్. 2018లో హేవలాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేర్లు కనిపించినా కంగారు పడొద్దు, ఆటోవాళ్ళు ఇంకా పాత పేర్లే అంటారు. ఇక్కడ నేనూ పాత పేర్లే వాడతాను.

వంటగదితో డబ్బు మిగులుతుందా?

చాలామంది అనుకున్నంత మిగలదు. అండమాన్‌లో ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పప్పులు, నూనె చాలావరకు చెన్నై, కోల్‌కతా లాంటి రేవుల నుంచి ఓడల్లో రావాలి. పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన సరుకు మళ్ళీ ఇంకో బోటెక్కి హేవలాక్ చేరాలి. కాబట్టి మన రైతుబజార్ ధర మనసులో పెట్టుకుని లెక్కేస్తే ఆ లెక్క అక్కడ పనిచేయదు. పైగా రెండు రోజుల కోసం నూనె ప్యాకెట్, పసుపు, కారం, ఆవాలు, జీలకర్ర అన్నీ చిన్న ప్యాకెట్లలో కొనాలి. సగం వాడి, సగం అక్కడే వదిలేసి వస్తాం.

వంటగది ఉన్న రూమ్‌కి అద్దె కూడా మామూలు రూమ్ కంటే ఎక్కువే అడుగుతారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, రెండు రాత్రులు అనుకోండి. ఆ ఎక్కువ అద్దె, కొన్న సరుకు, వాటి కోసం మార్కెట్‌కి ఆటో అన్నీ కలిపితే రాత్రి రెండు పూటలు బయట తినే ఖర్చుకి దగ్గరగానే వస్తుంది. అదే అన్నదమ్ముల కుటుంబాలు రెండు కలిసి ఎనిమిది తొమ్మిది మంది వెళ్ళి, ఇల్లు మొత్తం అద్దెకి తీసుకుని, ఒకేచోట నాలుగు రాత్రులు ఉంటే లెక్క తిరగబడుతుంది. మనిషికో ప్లేటు చొప్పున తొమ్మిది ప్లేట్ల బిల్లు ఎక్కడైనా బరువే. ఆ గుంపుకి వంటగది నిజంగానే డబ్బు మిగులుస్తుంది. కానీ అందులో ఒక మెలిక ఉంది. తొమ్మిది మందికి వండేది ఎవరు? తోడికోడళ్ళిద్దరూ బీచ్ దగ్గర ఉండాల్సిన సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంటే, మిగిలిన ఆ డబ్బు ఎవరి జేబులోంచి వచ్చినట్టు? మగవాళ్ళు అంట్లు తోముతామని ముందే ఒప్పుకుంటేనే వంటగది ఉన్న ఇల్లు బుక్ చేయమని నా షరతు. నవ్వులాటకి అనడం లేదు, చాలా ఇళ్ళల్లో అసలు నిర్ణయం ఇక్కడే తేలిపోతుంది.

పోర్ట్ బ్లెయిర్: వంట మాట మర్చిపోండి

ఇక్కడ వండుకోవడం అనవసరం. అబెర్డీన్ బజార్ చుట్టూ ఇడ్లీ, దోసె, పూరీ, మీల్స్ దొరికే హోటళ్ళు కావలసినన్ని. తమిళులు, తెలుగువాళ్ళు, మలయాళీలు, బెంగాలీలు కలిసి బతికే ఊరు అది. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ మొత్తంలో తెలుగు మాతృభాష ఉన్నవాళ్ళు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేట మీద వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు ఇందులో చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్ వైపు వెళ్తే మన యాసే వినపడుతుంది. కౌంటర్ దగ్గర తెలుగులో మాట్లాడి చూడండి, పది నిమిషాల్లో మీ మండలం పేరు అడిగేవాళ్ళు తగులుతారు. పిల్లలకి కారం తక్కువ వేయమని, పెద్దాయనకి అన్నం మెత్తగా కావాలని సొంత భాషలో చెప్పుకోగలిగితే బయటి తిండి గురించి సగం టెన్షన్ అక్కడే పోతుంది.

తెలుగు పలకని చోట హిందీ చాలు. ఎవరి మాతృభాష ఏదైనా ఊళ్ళో అందరికీ ఉమ్మడి మాట అదే.

జంగ్లీఘాట్ చేపల మార్కెట్ చూడ్డానికి వెళ్ళండి, కొనాలని వెళ్ళకండి. వంటగది లేకుండా రెండు కిలోల కోనాం (వంజరం) చేప కొనుక్కుని దాన్ని ఎక్కడ వండించాలా అని తిరగడం కంటే, అదే చేప పులుసు మధ్యాహ్నం మీల్స్‌లో తినడం సుఖం.

పోర్ట్ బ్లెయిర్ నుంచి బారాటాంగ్ దీవి చూడ్డానికి వెళ్ళే రోజు మాత్రం వేరు. జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ నుంచి వాహనాలని కాన్వాయ్‌గా వదులుతారు. తెల్లవారుజామున వెళ్ళే మొదటి కాన్వాయ్ అందుకోవాలంటే చీకట్లోనే పోర్ట్ బ్లెయిర్‌లో బయల్దేరాలి. అంత పొద్దున్న హోటల్ టిఫిన్ దొరకదు. ముందురోజు రాత్రే ప్యాక్ చేసి ఇవ్వమని చెప్పి ఉంచండి, లేదా అరటిపళ్ళు, బ్రెడ్, ఇంటినుంచి తెచ్చిన జంతికలు దగ్గర పెట్టుకోండి. ఆ దారి జారవా ఆదివాసీల రిజర్వు అడవి గుండా వెళ్తుంది. దారిలో వాళ్ళు కనిపిస్తే కారు ఆపడం, ఫోటోలు తీయడం, తినుబండారాలు ఇవ్వడం చట్టరీత్యా నేరం. బిస్కెట్ ప్యాకెట్ కిటికీలోంచి అందించబోయే పిల్లలకి ఈ సంగతి కారెక్కకముందే చెప్పాలి.

హేవలాక్: బయటే తినండి, కానీ ఎక్కడో చూసుకుని

హేవలాక్‌లో ఒకే రకం చేప మూడు రకాల ధరలకి దొరుకుతుంది. బీచ్ రిసార్టుల రెస్టారెంట్లలో ఒక ధర, రోడ్డు పక్కనున్న టూరిస్టు కేఫ్‌లలో ఇంకొకటి, గోవిందనగర్ బజార్లోనూ రాధానగర్ బీచ్ దగ్గర దాబాల్లోనూ మరొకటి. మన కుటుంబాలకి సరిపడేది ఈ మూడోది. అన్నం, పప్పు, ఒక కూర, చేప వేపుడో పులుసో పెట్టే తాలీ అక్కడ మామూలు. ఆకలి తీరుతుంది, పిల్లలు ప్లేటు వదిలేసినా బాధ ఉండదు.

హేవలాక్‌లోనూ నీల్‌లోనూ పల్లెల్లో ఉండేవాళ్ళు ఎక్కువమంది దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల వాళ్ళు. అందుకే ఊళ్ళ పేర్లు హేవలాక్‌లో గోవిందనగర్, రాధానగర్, శ్యామ్‌నగర్. నీల్‌లో సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. వంటలో ఆవనూనె, ఆవ ముద్ద వాసన గట్టిగా ఉంటుంది. కోస్తాలో మిగతా జిల్లాలవాళ్ళు దీనికి ముఖం చిట్లిస్తారేమో గానీ, ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిని పెరిగిన మనకి అది కొత్తేం కాదు. పెద్దవాళ్ళు హాయిగా తినొచ్చు. పిల్లలకి పడకపోతే మామూలు నూనెతో వేయించిన చేప ఇమ్మని అడగండి, చేసిస్తారు.

లాబ్‌స్టర్, పీత, పెద్ద రొయ్యలు తినాలనుంటే అది ఒక్కపూట పెట్టుకోండి, బాగా తినండి. మెనూలో చాలాచోట్ల వీటికి ధర రాసి ఉండదు, తూకాన్ని బట్టి వేస్తారు. ఆర్డర్ ఇచ్చేముందే కిలో ఎంతో, వండినందుకు విడిగా తీసుకుంటారో, పన్ను కలిపారో అడగాలి. వండకముందు తూకం మీ ఎదురుగా వేయమనాలి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. మన ఊళ్ళో చేపల బజార్లో ఎలా బేరమాడతామో అక్కడా అంతే. పిల్లలు పీత, లాబ్‌స్టర్ ఎప్పుడూ తినకపోతే మొదటిసారి కొంచెమే పెట్టి చూడండి. ఒంటికి పడనివాళ్ళు ఉంటారు, దీవిలో రాత్రిపూట దురదలూ వాపులూ మొదలైతే ఆస్పత్రి కోసం పరుగులు పెట్టాలి.

సూర (ట్యూనా) చేప గురించి ఒక జాగ్రత్త. సూర, కానాగంత లాంటి చేపలు ఎండలో, వేడిలో ఎక్కువసేపు ఉంటే వాటిలో హిస్టమిన్ అనే ఒంటికి పడని పదార్థం తయారవుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడడం, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. ఐస్‌లో పెట్టి అమ్మే చోటే ఈ చేపలు తినండి. మధ్యాహ్నం దాకా ఎండలో బల్లమీద పరిచి ఉంచిన సూర ముక్క ఎంత చవకైనా వద్దు. మిగతా చేపలకి మనకి తెలిసిన పరీక్షే: మొప్పలు ఎర్రగా, కళ్ళు తేటగా, నొక్కితే గుంట పడకుండా ఉండాలి.

హేవలాక్‌లో వంటగది తీసుకోవాలా అంటే, పసిపిల్లలు లేకపోతే వద్దంటాను. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. అండమాన్ మనకంటే తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. డిసెంబరులో సాయంత్రం ఐదింటికల్లా పొద్దు గూకుతుంది. ఆరింటికి కటిక చీకటి, బీచ్ మీద ఎవరూ ఉండరు. పిల్లలు ఏడింటికే ఆకలంటారు. తొమ్మిది దాటాక తినడానికి వెళ్తే చాలా చోట్ల కట్టేసే వేళ. కాబట్టి ఇంటి దగ్గర తొమ్మిదిన్నరకి భోంచేసే అలవాటు ఉన్నవాళ్ళు అక్కడ ఏడున్నరకే తినేయాలి. రిసార్ట్ ఊరికి దూరంగా ఉంటే రాత్రి తిరిగిరావడానికి ఆటో దొరకడం కష్టం, ముందే మాట్లాడి పెట్టుకోండి.

నీల్: ఇక్కడ వంటగది పనికొస్తుంది

నీల్ చిన్న దీవి. అండమాన్‌కి కూరగాయల బుట్ట అని దానికి పేరు, తోటలు ఎక్కువ. హేవలాక్‌తో పోలిస్తే హోటళ్ళు తక్కువ, చీకటి పడ్డాక తిరగడానికి పెద్దగా ఏమీ ఉండదు. అంటే వండుకోవడానికి సరుకు చేతికందే దూరంలో ఉంది, వండుకోవడానికి సమయమూ ఉంది. బజార్లో వంకాయలు, ఆకుకూరలు, కొబ్బరికాయలు తెచ్చుకుని ఒక పప్పు, ఒక వేపుడు చేసుకుంటే రాత్రి గడిచిపోతుంది. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకి రాత్రి అన్నానికి అరకిలో బియ్యం ఎక్కువే, అంతకు మించి కొనకండి.

అయితే నీల్‌లో నాకు అన్నిటికంటే నచ్చే దారి వేరే ఉంది. హోమ్‌స్టే తీసుకుని, ఆ ఇంటివాళ్ళనే వండమనడం. పొద్దున్న బయటికి వెళ్ళేముందు "రాత్రికి నలుగురికి, చేప ఒకటి, ఒక కూర, పిల్లలకి కారం లేకుండా పప్పు" అని చెప్పి, ప్లేటుకి ఎంతో మాట్లాడుకుంటే సరిపోతుంది. తాజా కూరగాయలు, ఇంటి వంట, మన చేతికి పనీ లేదు, చివర్లో అంట్లూ లేవు. హోటల్ వంటకీ సొంత వంటకీ మధ్య తేల్చుకోలేనివాళ్ళు ముందు దీన్ని అడిగి చూడాలి. రిసార్ట్‌లో ఉండే ఏసీ గది సౌకర్యం, ఈత కొలను కావాలనుకునేవాళ్ళకి మాత్రం హోమ్‌స్టే నచ్చదు, అది ముందే ఒప్పుకోవాలి.

ప్యాకేజీలో భోజనం కలిపి తీసుకోవాలా?

ట్రావెల్స్ వాళ్ళు రూమ్ ధరలు చెప్పేటప్పుడు సీపీ, ఎమ్ఏపీ, ఏపీ అంటుంటారు. సీపీ అంటే టిఫిన్ మాత్రమే. ఎమ్ఏపీ అంటే టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం, మామూలుగా రాత్రిది. ఏపీ అంటే మూడు పూటలూ.

సీపీ తీసుకోండి. టిఫిన్ లేని రూమ్ ఎంత చవకైనా పొద్దున్నే పిల్లల్ని తయారు చేసి తిండి కోసం బయటికి పరుగెత్తే అవస్థ దానికి తగదు. ఏపీ మాత్రం వద్దే వద్దు. మధ్యాహ్నం మీరు బీచ్ దగ్గరో బోటులోనో ఉంటారు, డబ్బు కట్టిన భోజనం రిసార్ట్‌లో చల్లారుతుంటుంది. ఎమ్ఏపీ సంగతి కొంచెం ఆలోచించాలి. రిసార్ట్ బఫేలు ఎక్కువగా ఉత్తరాది రుచికి వంగి ఉంటాయి: పనీర్ కూర, దాల్, రోటీ, ఒక ఫ్రైడ్ రైస్. చేప ఉంటే ఒక ముక్క. పిల్లలకి ఇవి ఇష్టమే. మన పెద్దవాళ్ళు రెండో రాత్రికి "చారన్నం ఉంటే బాగుణ్ణు" అంటారు. రిసార్ట్ బజారుకి దూరంగా, చీకట్లో తిరగడం కష్టమైన చోట ఉంటే ఎమ్ఏపీ సరైనదే. గోవిందనగర్‌కి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉంటే సీపీ చాలు.

సంచిలో ఏం పెట్టుకోవాలి

బయట తింటున్నామని ఉత్తి చేతులతో వెళ్ళకూడదు. విమానంలో సాధారణంగా చెక్-ఇన్‌కి 15 కిలోలు, చేతి సంచికి 7 కిలోలు ఒప్పుకుంటారు, అందులోనే బట్టలు కూడా. బియ్యం, పప్పు మోసుకెళ్ళొద్దు, అక్కడ దొరుకుతాయి. దొరకనివి తీసుకెళ్ళండి.

కందిపొడి, కరివేపాకు పొడి అన్నిటికంటే ముందు. వేడి అన్నం ఎక్కడైనా దొరుకుతుంది, దాంట్లో ఇది కలిస్తే మన భోజనమే. పొడికి కారే బాధ లేదు, బరువూ లేదు. ఆవకాయ తీసుకెళ్ళాలంటే నూనె వంచేసి, సీసా మూత చుట్టూ టేప్ వేసి, రెండు కవర్లలో పెట్టి చెక్-ఇన్‌లో వేయండి. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెడతారు. చింతపండు పులిహోర పులుసు చిక్కగా చేసి చిన్న డబ్బాలో పెట్టుకుంటే హోటల్ అన్నం కొని కలుపుకోవచ్చు, ఫెర్రీ ప్రయాణానికీ బారాటాంగ్‌కీ అదే ప్యాకింగ్. అటుకులు, వేయించి తాలింపు కలిపిన ఉప్మా నూక ఉంటే రూమ్‌లో కెటిల్ నీళ్ళతోనే పని జరిగిపోతుంది. పసిపిల్లలకి ఉగ్గు పొడి, షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి చోడి (రాగి) పిండి. ఈ రెండూ ఉంటే హోటల్ వంట ఆలస్యమైనా వాళ్ళ వేళ తప్పదు.

తీపికి భీమాళి మామిడి తాండ్ర, నంజుకోవడానికి పలాస జీడిపప్పు. రెండూ మన దగ్గరవే, చెడిపోవు, బోటులో ఆకలేస్తే పనికొస్తాయి. ఉద్దానం వాళ్ళు కొబ్బరి కురిడీలు పెట్టుకోవద్దు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, నిప్పు తొందరగా అంటుకుంటుంది, అందుకే విమానాల్లో ఒప్పుకోరు. గ్యాస్ సిలిండర్, స్టవ్‌లో పోసే కిరోసిన్ కూడా అంతే. ఎండు నెత్తళ్ళ పొట్లం చట్టప్రకారం ఎలా ఉన్నా, మీ బట్టలకి పట్టే వాసన తలుచుకుని ఇంట్లోనే వదిలేయండి.

చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ తీసుకెళ్ళేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. రూమ్‌లో వంట చేయనివ్వని రిసార్టులు చాలా ఉన్నాయి, కాబట్టి ముందే అడగాలి. చిన్న దీవుల్లో కరెంటు డీజిల్ జనరేటర్ల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది, పోవడం కూడా మామూలే. కుక్కర్ మీదే రాత్రి భోజనం ఆధారపెట్టుకోకండి.

విశాఖ నుంచి ఓడలో వెళ్దామనుకునేవాళ్ళకి పై బరువుల లెక్క వర్తించదు. రెండు రోజులకు పైగా పట్టే ప్రయాణం, ఓడలో క్యాంటీన్ ఉంటుంది. కానీ సముద్రం పడనివాళ్ళకి ఏ వంటా నోటికి ఎక్కదు. అటుకులు, నిమ్మకాయలు, మరమరాలు వెంట ఉంచుకోవాలి, అంతే. ఆ ఓడ రోజూ ఉండదు, పిల్లల సెలవులకి కుదరడం అరుదు.

ఏ కాలం, ఎవరు వెళ్తున్నారు

వేసవి సెలవుల్లో వెళ్ళేవాళ్ళు చేపల మీద మరీ ఆశ పెట్టుకోకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆపుతారు కదా, అండమాన్‌కీ అదే నిషేధం. చిన్న సంప్రదాయ పడవలకి మినహాయింపు ఉంటుంది కాబట్టి చేప అసలు దొరకదని కాదు, రకాలు తగ్గుతాయి, ధర పెరుగుతుంది. మే మూడో వారం నుంచి వానలు, గాలులు. ఫెర్రీలు రద్దవడం ఆ రోజుల్లో ఎక్కువ. చేపల కోసమే వెళ్ళేవాళ్ళకి డిసెంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం.

కార్తీక మాసంలో వెళ్ళేవాళ్ళు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు, అసలు మాంసం, చేప ముట్టనివాళ్ళు మాత్రం లెక్క మార్చుకోవాలి. పోర్ట్ బ్లెయిర్‌లో శాకాహార హోటళ్ళు దొరుకుతాయి. హేవలాక్, నీల్‌లో వెజ్ తాలీ చాలాచోట్ల ఉంటుంది గానీ చేప వేయించిన మూకుడే, అదే గరిటే. అది పట్టించుకునేవాళ్ళకి వంటగది తప్పనిసరి. నేను పైన హేవలాక్‌లో వంటగది వద్దన్నది వీళ్ళకి వర్తించదు. నిష్ఠ గట్టిగా ఉన్న పెద్దవాళ్ళు వెంట ఉంటే, వంటగది లేకుండా బుక్ చేసి వాళ్ళని రెండు రోజులు అరటిపళ్ళ మీద ఉంచడం అన్యాయం.

పసిపిల్లల తల్లులకి కూడా ఇదే. వేడినీళ్ళు, మెత్తని అన్నం, గిన్నె కడుక్కోవడానికి సింకు ఏ వేళకైనా అందుబాటులో ఉండాలి. పూర్తి వంటగది లేకపోయినా ఒక స్టవ్, ఫ్రిజ్ ఉన్న గది చాలు.

ఫెర్రీ ఎక్కే రోజు తిండి తేలిగ్గా ఉండాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవలాక్‌కి ప్రైవేటు ఫెర్రీ గంటన్నరలో, ప్రభుత్వ బోటు రెండున్నర గంటల్లో చేరుస్తుంది. రెండిట్లో దేనికైనా ముందు పూరీ, వడ తినకండి. ఇడ్లీ రెండు, లేదా అరటిపండు, అంతే. కళింగపట్నంలో, బారువలో అలలు చూసి పెరిగినంత మాత్రాన కడుపు ఊరుకోదు.

మాల్దీవులు, లక్షద్వీప్ ఆలోచిస్తున్నవాళ్ళకి కూడా ఒక మాట. మాల్దీవుల్లో చాలా రిసార్టులు దీవికి ఒకటే, బయటికి నడిచి వెళ్ళి తినే హోటల్ ఉండదు. అక్కడ పైన చెప్పిన సలహా తిరగబడుతుంది, భోజనం కలిపిన ప్లానే తీసుకోవాలి. మాఫుషి లాంటి జనం ఉండే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు, కేఫ్‌లు ఉంటాయి. సూర చేప, కొబ్బరి, ఉల్లిపాయ కలిపి రొట్టెతో తినే మాస్ హుని మనవాళ్ళకి బాగానే నచ్చుతుంది. లక్షద్వీప్ ఎక్కువగా ప్యాకేజీ మీదే జరిగే టూర్, వంటగది ప్రశ్న అక్కడ పెద్దగా రాదు.

బుక్ చేసేముందు ఫోన్‌లో అడగాల్సినవి

"కిచెన్ ఉంది" అన్న ఒక్క మాట నమ్మకండి. కొన్నిచోట్ల కిచెన్ అంటే ఒక కెటిల్, చిన్న ఫ్రిజ్ మాత్రమే. గ్యాస్ స్టవ్ ఉందా, ఎన్ని పొయ్యిలు, కుక్కర్ ఉందా, గ్యాస్‌కి విడిగా డబ్బు తీసుకుంటారా అని అడిగి, వంటగది ఫోటో పంపమనండి. తాగే నీళ్ళు ఇస్తారా, క్యాన్ కొనుక్కోవాలా అన్నది కూడా. బియ్యం కడగడానికీ అన్నం వండడానికీ తాగే నీళ్ళే వాడాల్సి వస్తే రోజుకి ఎన్ని లీటర్లు పడుతుందో మీ ఇంట్లో వంట చేసే మనిషిని అడగండి, మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. అంట్లు తోమే మనిషి ఉన్నారా, ఉంటే ఎంత తీసుకుంటారు అన్నది తప్పకుండా అడగాలి.

భోజనం కలిపిన ప్లాన్ తీసుకుంటుంటే ఇంకో రెండు ప్రశ్నలు. ఫెర్రీ ముందే బయల్దేరే రోజు టిఫిన్ ప్యాక్ చేసి ఇస్తారా? గాలివాన వల్ల ఫెర్రీ రద్దయి మీరు ఆ రాత్రి వేరే దీవిలో చిక్కుకుంటే, తినని భోజనానికి కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా? జవాబు వాట్సాప్‌లో రాసి పంపమనండి.